ఓటర్ల పట్టీలో మన పేరు

మానూరివారి జమీందారీకి చిలకలూరిపేట ముఖ్యస్థానమై యున్న దినములలో ఊరి మంచిచెడ్డలు నిర్ణయించునది దివాణము. రైతుగాని, చేతిపనివాడుగాని తన మాట చెప్పుకొనవలెనన్న అర్జీయే శరణ్యము. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలన తీర్మానమును వెలువరించెను. 1884లో చెన్నపురి రాజధానికి లోకలు బోర్డుల చట్టము వచ్చెను. జిల్లా బోర్డు, తాలూకా బోర్డు, యూనియను అను మూడంతస్తు లేర్పడినవి. అయినను తొలినాళ్లలో సభ్యులను చాలవరకు సర్కారే నియమించుచుండెను.

1920 నాటి చట్టముతో ఎన్నికలకు ప్రాధాన్యము హెచ్చెను. కాని ఓటు పన్నును వెంబడించెను. పన్ను చెల్లించు ఆస్తిపరుని పేరు పట్టీ కెక్కెను. వాని పొలమున కూలిచేయువాని పేరు ఎక్కలేదు. 1921లో చెన్నపురి శాసనసభ స్త్రీలకు ఓటుహక్కు నంగీకరించినను, తన పేర ఆస్తి యున్న స్త్రీలు ఎందరుండిరి? 1935 నాటి చట్టము పిమ్మటను రాష్ట్ర శాసనసభలకు ఓటర్లు బ్రిటిషు ఇండియా జనములో నూటికి పదునలుగురి కంటె మించియుండలేదు.

పన్ను ఒకరిది, పెత్తన మింకొకరిది యైనచో ఏమగునో మన పేటకు అనతిదూరమున నున్న చీరాల లోకమునకు చూపినది. చీరాల పేరాలలను 1919లో మునిసిపాలిటీ చేసిరి. పన్నులు పెరిగినవి. ఎక్కువమంది నేతపనివారును, బీదలును అగు ఆ జనము మాకీ మునిసిపాలిటీ వలదని మొరపెట్టుకొనిరి. ఆ మొర చెవి కెక్కలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున వేలకొలది కుటుంబములు ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని, ఎండకు వానకు ఓర్చి సుమారు పదునొకండు నెలలు గడపిరి. ఊరినే విడిచిపోవుట తప్ప తమ యిష్టమును తెలుపు వేరొక దారి వారికి కానరాలేదు.

ఆ కాలపు కుల మహాసభల తీర్మానములను చూచినవారికి ఒక్క కోరిక మరల మరల కనబడును: బోర్డులో మా కులమున కొక నామినేషను స్థానము దయచేయవలయునని. మన పెద్దలను తప్పుపట్టరాదు. పట్టీలో బలము లేనివానికి విన్నపమే బలము.

రాజ్యాంగము ఆ తంటాను తీర్చినది. ఇరువదియొక యేండ్లు నిండినవారి కెల్లరకు ఓటు వచ్చెను. 1989 నుండి ఆ వయస్సు పదునెనిమిది. 1964లో మన పేట మునిసిపాలిటీ ఆయెను. 1992 నాటి రాజ్యాంగ సవరణలు స్థానిక సంస్థలలో స్త్రీలకు మూడవ వంతునకు తగ్గకుండ స్థానములు కేటాయించినవి.

అయినను పట్టీ పట్టీయే. 1951-52 నాటి మొదటి సాధారణ ఎన్నికలలో, ముఖ్యముగా ఉత్తరాది రాష్ట్రములలో, సుమారు ఇరువదియెనిమిది లక్షల స్త్రీల పేర్లను తొలగింపవలసి వచ్చెను. వారు స్వంత పేరు చెప్పక ఫలానావారి భార్యననియో, ఫలానావారి తల్లిననియో వ్రాయించుకొనిరి! చట్ట మిచ్చిన హక్కును సిగ్గు మ్రింగినది.

మన ఆంధ్రమున స్థానిక ఎన్నికలకు వేరుగా ఇల్లిల్లు తిరిగి పట్టీ వ్రాయరు. శాసనసభ ఓటర్ల పట్టీనే వార్డులవారీగా విడదీయుదురు. అందులో పేరు లేనివానికి వార్డులోను ఓటు లేదు. ఎన్నికల ప్రకటన వచ్చిన పిదప ఆఫీసు చుట్టు తిరుగువారిని ప్రతిసారి చూచుచున్నాము. కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభ కట్టుటకు నెలనాళ్ల ముందే చందాలెత్తు మనవారు, ఈ చిన్న పనిని మాత్రము చివరి దినమునకు వదలుదురేల?

క్రొత్తగా చేరువారికి ఆరవ నెంబరు ఫారము. పూర్వము జనవరి 1 నాటికి పదునెనిమిది నిండినవారినే చేర్చుచుండిరి; ఇటీవలి సవరణతో ఏప్రిల్, జూలై, అక్టోబరు మొదటి తేదీలును లెక్కకు వచ్చినవి. ఇల్లు మారినవారికి ఎనిమిదవ నెంబరు ఫారము. దీనిని మన ఆడపడుచుల నిమిత్తము ప్రత్యేకముగా పేర్కొనుచున్నాము. పెండ్లియై పేటకు వచ్చిన కోడలి పేరు పుట్టినింటి ఊరి పట్టీలోనే నిలిచిపోవుచున్నది; అచట ఓటు వేయబోదు, ఇచట వేయలేదు. సారెతోపాటు ఆ పేరును కూడ అత్తవారింటికి తెప్పించుకొనవలెను.