ప్రహసనమునందలి వర్తకపాత్రము: సుబ్బిశెట్టి, అపు

ఆంధ్రదేశమున నొక్క మూలమునుండి పుట్టిన రెండూళ్ల పేళ్లు కలవు. రాయలసీమలోనిది పెనుకొండ, అందుఁ గకారము పరుషముగనే నిలిచినది. పశ్చిమగోదావరి మండలమున, వసిష్ఠగోదావరికిఁ బడమటి దెసను, సిద్ధాంతమునకు సమీపమున నున్నది పెనుగొండ, అందది సరళమైనది. మొదటిది విజయనగరరాజుల కోట. రెండవది వైశ్యుల పుణ్యక్షేత్రము. పేరునఁ గొండ యున్నను డెల్టాసీమలోని యీ యూరఁ గొండ కానరాదు, దేవళము కానవచ్చును.

ఆ దేవళమున వెలసినది వాసవీ కన్యకాపరమేశ్వరి. ఆమె కుసుమశ్రేష్ఠి కొమార్తె యనియు, విష్ణువర్ధనుఁడను రాజు ఆమె నభిలషింపఁగా, బలవంతపు వివాహమున కొల్లక యగ్నిప్రవేశము చేసెననియు, నామెతోఁ గూడ 102 గోత్రములవా రగ్నిఁ జొచ్చిరనియుఁ గన్యకాపురాణకథ. ఈ కథయందలి చారిత్రకాంశ మెంతయను విచారము వేఱు. రాజైన వానికి లొంగక మానమును గాపాడుకొనుటయే తమ కులమునకు మూలకథ యని వైశ్యులు నమ్ముదురనుట మాత్ర మిచ్చట వలసిన విషయము. అట్టి కథను నెత్తిపైఁ బెట్టుకొన్నవారికి రంగస్థలముపై శతాబ్దకాలము కనఁబడిన శెట్టి యెవరు? పరస్త్రీలోలుఁడు, పిసినారి, పిఱికి, నత్తిమాటలవాఁడు. ఈ రెండు మూర్తులకు నడుమనున్న దూరమును గుర్తింపక, 2022లో జరిగినదానిని గేవలము ‘అసహనము’ అని త్రోసివేయుట న్యాయము కాదు.

2022 జనవరి 17వ తేదీన నాంధ్రప్రదేశ ప్రభుత్వము ‘చింతామణి’ నాటకప్రదర్శనమును రాష్ట్రమంతట నిషేధించెను. అందలి సుబ్బిశెట్టి పాత్రము తమ్మవమానించుచున్నదని ఆర్యవైశ్యసంఘములు చిరకాలముగాఁ జెప్పుచుండిన మొఱ యప్పటికి ఫలించెను. పెనుగొండ యేలోకసభ నియోజకవర్గమునఁ గలదో యా నరసాపురమునకే యప్పటి పార్లమెంటు సభ్యుఁడైన రఘురామకృష్ణరాజు, ఆ యుత్తరువును బ్రశ్నించుచు హైకోర్టునకుఁ బోయెను. క్షేత్రమును, వ్యాజ్యమును నొక్క సీమవే యగుట విశేషము.

మూఁడవ విశేషము కూడఁ గలదు: నాటకకర్తయు నీ సీమవాఁడే. కాళ్లకూరి నారాయణరావు 1871లో భీమవరము తాలూకా మత్స్యపురిలోఁ బుట్టి, కాకినాడయందు స్థిరపడి, 1927లోఁ గీర్తిశేషుఁడయ్యెను. ఆయన వ్రాసిన ప్రసిద్ధనాటకములు మూఁడును సంఘదోషములపై నెత్తిన కొరడాలు. వరశుల్కముపై ‘వరవిక్రయము’, మద్యపానముపై ‘మధుసేవ’, వేశ్యావ్యసనముపై ‘చింతామణి’. లీలాశుకుఁడని పేరొందిన బిల్వమంగళుని కథను దీసికొని, విద్వాంసుఁడును సంపన్నుఁడునగు బ్రాహ్మణుఁ డొకఁడు వేశ్యయింట నెట్లు భ్రష్టుఁడగునో చూపి, పిదప నతనిని శ్రీకృష్ణభక్తునిఁ గావించుట యీ నాటకపు వస్తువు. చింతామణికొఱకు సొమ్ము పోఁగొట్టుకొన్నవాఁడు సుబ్బిశెట్టి యొక్కఁడే కాఁడు. భవానీశంకరుఁ డతనికి ముందే చితికినవాఁడు, బిల్వమంగళుఁడు వెనుక చితికినవాఁడు. కవి బ్రాహ్మణుఁడయ్యును బ్రాహ్మణునే నాయకునిఁ జేసి పతనమొందించెను. కాని పతితుఁడైన బ్రాహ్మణునకుఁ బశ్చాత్తాపపద్యములును మోక్షమార్గమును దొరకినవి. శెట్టికి మిగిలినది సభ్యుల నవ్వు. పాత్రములయందలి యీ తారతమ్యమును గవి కావలెనని చేసెననుట కాధారము లేదు. అయినను నది పాఠములోనే యున్నది.

పాఠములో నున్నదానికంటె రంగముపై పెరిగినది మిక్కిలి యెక్కువ. నాటకసమాజములు పల్లెపల్లెకుఁ దిరిగి రాత్రియెల్ల నాడెడి కాలమున, తెల్లవాఱుజాము నిద్రను బోఁగొట్టుటకు సుబ్బిశెట్టి ఘట్టము పనికివచ్చెను. నటుఁ డెంత పెంచిన జనమంత యీలలు వేసిరి. ద్వ్యర్థులు పోయి యేకార్థులే మిగిలినవి. చింతామణి తల్లి శ్రీహరియు, చెల్లెలు చిత్రయు నా సంభాషణమున భాగస్వాములైరి. తుదకుఁ గొన్నిచోట్ల బిల్వమంగళుని కథ పలచఁబడి, శెట్టి కథయే నాటకమైనది. వేశ్యావ్యసనమును మాన్పుటకై వ్రాసిన నాటకము బూతునకుఁ బర్యాయపదమగుట కాళ్లకూరివారి దురదృష్టము. ఆ బూతు నాయన వ్రాయలేదు.

ఈ వివాదము నాట్యమంత పురాతనము. భరతుని నాట్యశాస్త్రమున మొదటి యధ్యాయముననే కోపించిన ప్రేక్షకులు కనఁబడుదురు. ఇంద్రధ్వజోత్సవమున దైత్యుల పరాజయమును బ్రదర్శింపఁగా, విరూపాక్షుఁడు మొదలగు దైత్యులు విఘ్నులతోఁ గూడి నటుల వాక్కును, చేష్టలను స్తంభింపఁజేసిరి. ఇంద్రుఁడు ధ్వజదండమైన జర్జరముతో వారిని మోఁదెను. అయినను వివాదము తీఱలేదు. అపుడు బ్రహ్మ సామోపాయమున, నాట్యము మీయొక్కరి కథయుఁ గాదు, దేవతలయొక్కరి కథయుఁ గాదు, ముల్లోకముల భావముల యనుకీర్తనమని వారి కుపదేశించెను. అదే గ్రంథము తుదియధ్యాయమున వేఱొక కథ కలదు. భరతుని పుత్రులు విద్యామదమున ఋషులను వెక్కిరించుచు గ్రామ్యమైన ప్రహసన మాడిరి. ఋషులు శపించిరి. దేవతలు బ్రతిమాలఁగా, నాట్యము నశింపదు గాని తక్కిన శాపము తప్పదనిరి. ఒక చోటఁ గోపించినవారికి సమాధానము చెప్పి ప్రదర్శనమును నిలిపిరి. వేఱొక చోటఁ బ్రదర్శించినవారికి శిక్ష వేసి విద్యను నిలిపిరి. రెండింట నేదియు నాట్యమును మాన్పలేదు.

హాస్యమును భరతుఁడు స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము అని యాఱుగా విభజించి, ఉత్తమ మధ్యమాధమప్రకృతులకు రెండేసి పంచిపెట్టెను. ఈ విభాగమెల్ల నవ్వువానిని బట్టినది. ఎవనిఁ జూచి నవ్వుచున్నామో వానిని బట్టి శాస్త్రము విభాగము చేయలేదు; ఇది శాస్త్రమునందలి లోపమని చెప్పక తప్పదు. ‘హసే హసనే’ యను ధాతు వొక్కటియే యయ్యును, ఉపసర్గము చేరఁగానే పరిహాస మొకటియు, నపహాస మొకటియు నగును. ఉపసర్గము ధాత్వర్థమును బలాత్కారముగ వేఱొకచోటికిఁ గొనిపోవునని వైయాకరణులందురు. రంగమున నా యుపసర్గపుఁ బని చేయునది నటుని గొంతు.

ఈ మాట తోలుబొమ్మలాటయందు స్పష్టపడును. కాకినాడ సమీపమున మాధవపట్నమున నీ విద్య నేఁటికిని గలదు. తెల్లని తెఱవెనుక దీపము, తెఱ కానించిన తోలుబొమ్మ, వెనుక నాడించువాని గొంతు. రామకథ సాగుచుండఁగా నడుమ నడుమఁ గేతిగాఁడును, బంగారక్కయు, జుట్టుపోలిగాఁడును బ్రవేశించి, చెప్పరాని మాటలు చెప్పుదురు. బొమ్మకు మొగమున మార్పు లేదు, వేషము మారదు. ఆంగికము స్వల్పము, ఆహార్యము స్థిరము. అభినయముల నాల్గింట మానవునిదిగా మిగిలినది వాచికము. కేతిగాని బూతు బూతగుట, వేఱొక గొంతున వేడుక యగుట యా వాచికముననే యున్నది.

అమెరికాదేశపుఁ గార్టూను చిత్రముల నిర్మాణమును నిట్టిదే. 1989 డిసెంబరు 17న ఫాక్స్ టెలివిజనులోఁ బ్రారంభమైన ‘ది సింప్సన్స్’ స్ప్రింగ్‌ఫీల్డను కల్పితపురమునందలి యొక కుటుంబమును, నా పురజనులను వెక్కిరించెడి ధారావాహిక. పోలీసు, పురోహితుఁడు, ధనవంతుఁడు, పాఠశాలాధికారి, నాయకుఁడు ఎవ్వరు నందుఁ దప్పించుకొనలేదు. 1990 ఫిబ్రవరిలో నందు ‘అపు నహసపీమపెటిలాన్’ అను భారతీయవర్తకుఁడు ప్రవేశించెను. ఇంటిపేరు నవ్వించుటకై కల్పించినది. పేరు మాత్రము సత్యజిత్ రాయ్ చిత్రత్రయమునందలి బాలునిది. ‘క్విక్-ఈ-మార్ట్’ అను సరకులకొట్టు నడుపు నితఁడు కంప్యూటరుశాస్త్రమున డాక్టరు పట్టము పొందినవాఁడు. మంజుల యను భార్యయు, నొక్క కాన్పున నెనమండ్రు బిడ్డలును గలవాఁడు. కష్టజీవి, తెలివిగలవాఁడు, అయినను గాలము దాఁటిన సరకు నమ్మునను నపవాదము తప్పలేదు. సుబ్బిశెట్టి పోలిక యిచ్చటఁ దట్టకమానదు: సముద్రమునకు రెండు దెసలను నవ్వులపాలైనవాఁడు కొట్టుమీఁది వర్తకుఁడే.

అపునకు గొంతిచ్చినవాఁడు భారతీయుఁడు కాఁడు. హ్యాంక్ అజేరియా యను శ్వేతనటుఁడు. 1968లో వెలువడిన ‘ది పార్టీ’ చిత్రమునఁ బీటర్ సెల్లర్స్ భారతీయునిగా మాటలాడిన తీరును గొంత యనుసరించితినని యతఁడు చెప్పెను. అనఁగా నది భారతీయుని యనుకరణము కాదు, అనుకరణముయొక్క యనుకరణము. టెలివిజనున భారతీయుఁడు తఱచు కనఁబడని యా కాలమున, బడిలోఁ జదువుకొను భారతీయబాలుర కీ గొంతే ముద్రయైనది. వచ్చినవారికి గృతజ్ఞత చెప్పి మరల రమ్మను దుకాణపు మాటను దోడిబాలు రాయాసతో ననుచు వెంటఁబడిరి.

అట్టి బాలురలో నొకఁడు హరి కొండబోలు. ఆంధ్రప్రదేశమునుండి వలసపోయిన తెలుఁగు దంపతులకు న్యూయార్కునందు 1982లో జన్మించి, హాస్యప్రసంగములు చేయుటయే వృత్తిగాఁ గొన్నవాఁడు. 2017 నవంబరులో ట్రూ టీవీయందుఁ బ్రసారమైన ‘ది ప్రాబ్లెమ్ విత్ అపు’ అను చిత్రమున, ముఖమునకు నల్లరంగు పూసికొని నీగ్రోలను వెక్కిరించిన పాతయాటలకును నీ గొంతునకును గల చుట్టఱికమును దోడినటులచే విచారింపించెను. వూపీ గోల్డ్‌బర్గ్ అందుఁ బాల్గొనెను. ఇచ్చటఁ జాలమంది మఱచెడి యంశ మొకటి కలదు. కొండబోలు ఆ ధారావాహికకు వైరి కాఁడు. దానిపై మక్కువతోఁ బెరిగినవాఁడు. అపును దొలఁగింపుఁడని యతఁడు కోరలేదు. పాత్రమునకు లోతు కల్పింపుఁడని కోరెను.

ప్రత్యుత్తరము 2018 ఏప్రిల్ 8న వచ్చినది. ఆనాఁటి ఘట్టమున మార్జ్ యను తల్లి తాను బాల్యమునఁ బ్రేమించిన గ్రంథమునందలి యభ్యంతరకరభాగములను దీసివేసి కూఁతునకుఁ జదువఁగా, కథయందు సారమే లేకపోవును. అపుడు కూఁతురు లీసా, ఒకప్పుడు మెచ్చికోలందినది నేఁడు దోషమైనదే, చేయవలసిన దేమి యని యర్థము వచ్చునట్లు పలికి ప్రక్కనున్న యపు చిత్తరువు వంకఁ జూచును. వాదమునకు మాటతోఁ దలయూఁచుట కంటె నధికము లేదు. ఆ ధారావాహికయందెల్ల వివేకమున కాలవాలమైన బాలికచేత నా మాటఁ జెప్పించుట మఱింత యనుచితము. గ్రంథమును గత్తిరించిన సారము పోవుననుట నిజమే. కాని కత్తిరింపుమని యడిగినవాఁ డెవఁడు? అడుగని దానికిఁ బ్రతివాదము చెప్పి, యడిగిన దానిని విడిచిరి. బ్రహ్మ విరూపాక్షునకుఁ జెప్పినపాటి సమాధానమైన దొరకలేదు.

అజేరియా మార్గము వేఱు. 2018లోనే తప్పుకొనుటకు సిద్ధమనెను. 2020 జనవరిలో నపునకిఁక గొంతీయనని ప్రకటించెను. ఆ సంవత్సరము జూనున నిర్మాతలు, శ్వేతేతరపాత్రములకు శ్వేతనటులచే మాటలాడింపమని నియమము చేసికొనిరి. 2021 ఏప్రిలున నతఁడు క్షమాపణ చెప్పుచు, తన కొమారుని పాఠశాలలో జరిగిన సంగతి నొకదానిని వివరించెను. అచ్చటి పదునేడేండ్ల భారతీయబాలుఁ డా ధారావాహిక నెన్నఁడును జూడలేదు. అయినను నపు పేరు తనవారికి నిందాపదముగాఁ దగులుచున్నదని కన్నీరు పెట్టుకొనెనఁట. చూడనివానికిఁ దగిలిన బాధ యిది. నాటకము చూడనిష్టము లేనివాఁడు చూడకుండిన సరిపోవును గదా యని చింతామణి పక్షమునఁ దఱచు వినఁబడు వాదమున కీ బాలుని కన్నీరే యుత్తరము.

తెలుఁగునాఁట నవ్వు తనవారిమీఁద విసరుకొను సంప్రదాయమును గలదు. కూచిపూఁడి భాగవతులు పగటివేషములలో సోమయాజులు–సోమిదేవమ్మ వేషము కట్టి, తమ కులపు టాచారములనే తాము వెక్కిరించుకొనిరి. వారి గొంతు వారిదే. 1880లో రాజమహేంద్రవరమునఁ గందుకూరి వీరేశలింగము ‘వ్యవహారధర్మబోధిని’తో వకీళ్ల యక్రమములను బయలుపఱచినపుడు దెబ్బ తగిలినది కోర్టులలో బలము గలవారికి. ఇట్టి నవ్వును, బడిలో నొంటరియైన పిల్లవానిపై విసరు నవ్వును నొక్క గాటఁ గట్టరాదు. అయితే శెట్టి యీ రెండింట నెందుఁ జేరును? పల్లెలో నప్పిచ్చువాఁడతఁడే, జనమునకు జంకును, అసూయయుఁ గల్పించిన ధనము గలవాఁడు. సుబ్బిశెట్టినిఁ జూచి నవ్విన రైతునకు వడ్డీలెక్క జ్ఞప్తియందుండును. అపు వలె నతఁడు వలసవచ్చిన యల్పసంఖ్యాకుఁడు కాఁడు. పోలిక యింతవఱకే పోవును.

నిషేధశాసనముల పుట్టుక చూచిన వేఱొక సంగతి తెలియును. 1876 నాఁటి నాటకప్రదర్శనశాసనము, వేల్సు యువరాజును దన యంతఃపురమున నాదరించిన కలకత్తా వకీలును వెక్కిరించిన ‘గజదానంద’ ప్రహసనము వెనుకఁ బుట్టినది. దానిచే రక్షణము పొందినది ప్రభువుల పరువు గాని ప్రజల మానము కాదు. 2018లో నా శాసనము రద్దయ్యెను. నాలుగేండ్లు తిరుగఁగానే ‘చింతామణి’ ఆఁగినది. దానితో వేషముపైనే జీవించు నటులకు జీవిక పోయెను. ఒక్క పాత్రముకొఱకు నాటకమంతటిని మాన్పుట యెట్లను ప్రశ్న వారిది. బూతు చేర్చినవాఁడు నటుఁడు. శిక్ష పడినది బిల్వమంగళుని పద్యములకుఁ గూడ.

ఉత్తరువు ప్రదర్శనమును మాన్పెను. కాళ్లకూరివారి పాఠము పుస్తకరూపమునఁ జదువరుల యొద్ద నుండిపోయెను. అందు సుబ్బిశెట్టి పలుకు పలుకులు పల్లెలలో వినఁబడినవానికంటెఁ జాలఁ గొద్ది. అపు బొమ్మయు నటులే తెఱనుండి తొలఁగలేదు. పిదపటి ఘట్టములలో నతఁడు గుంపునడుమఁ గనఁబడును, గొంతు వినఁబడదు.