నిప్పు చెంత చమురు కాపురము

చలికాలపు టుదయమున షెడ్డు తలుపు తెరచి తాళపుచెవి త్రిప్పినంతనే, వెనుక గొట్టమునుండి నీలిపొగ గుప్పున వెడలి గోడలనెల్ల క్రమ్ముకొనగా, దానిని జూచి గుండె జారని టర్బో స్పోర్ట్సు కారు యజమాని అరుదు. అతని యనుమానము మొదట పోవునది టర్బో మీదికే. మెకానిక్కు మొదట విప్పునదియు దానినే. వేలకు వేలు పోసి క్రొత్తది బిగించిన మరునాడే మరల అదే పొగ లేచుటయు ఈ విద్యలో వింత కాదు. పొగ లేచు చోటొకటి, వ్యాధి యున్న చోటు వేరొకటి యగుట ఈ యంత్రమునకు స్వభావము. ఆ స్వభావము దానికెట్లు అబ్బెనో తెలియవలెనన్న కొంత వెనుకకు పోవలసి యుండును.

ఇంజను విడిచిన వేడివాయువులు వ్యర్థముగా పోవుచుండగా, వానిచేతనే ఒక చక్రమును త్రిప్పించి, ఆ చక్రపు బలముతో బయటిగాలిని ఒత్తి మరల ఇంజనులోనికే పంపవచ్చునన్న యూహకు 1905లో పేటెంటు కోరినవాడు స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూఖి. 1918లో అమెరికా దేశీయుడైన శాన్‌ఫర్డ్ మాస్ ఒక లిబర్టీ విమానపు ఇంజనును కొలరాడోలోని పైక్స్ శిఖరము మీదికి, సుమారు 14,000 అడుగుల యెత్తునకు చేర్పించి, గాలి పలుచనైన యా చోట అది కోల్పోవు సత్తువను టర్బోతో తిరిగి రాబట్టవచ్చునని చూపెను. అటుపిమ్మట ఓడలును, రెండవ ప్రపంచయుద్ధపు బాంబరు విమానములును దానిని వాడుకొనెను. ఓడలోనైనను విమానములోనైనను శిక్షణ పొందిన వారెవరో యొకరు చమురును కనిపెట్టియుండెడివారు. చిక్కంతయు అది కారులోనికి వచ్చినప్పుడు మొదలయ్యెను. ఏలన, కారు యజమానికి ఇల్లు చేరగానే తాళము తీసికొని లోపలికి పోవుట తప్ప వేరు పని తెలియదు.

టర్బో గర్భమును ఒకసారి దగ్గరగా చూడవలెను. వ్రేలెడు పొడవుగల యిరుసు. దాని యొక కొన నిప్పులో కాలు చక్రము, రెండవ కొన చల్లనిగాలిని ఒత్తు చక్రము. పెట్రోలు ఇంజనులో ఆ వాయువుల వేడి 900 డిగ్రీల సెంటీగ్రేడును దాటవచ్చును. ఇరుసు నిమిషమునకు 1,00,000 చుట్లకు మించి తిరుగును. అంత వేగమున దానిని మోయునది నాటి టర్బోలలో వెండ్రుకకన్న పలుచని చమురుపొర. ఇరుసును, దాని చుట్టునున్న బుష్షును ఆ పొరలో తేలియాడుచు తిరిగెడివి. చమురు బయటికి పోకుండ ఆపుటకు రబ్బరు సీలు ఆ వేడికి నిలువదు గనుక, పిస్టను రింగువంటి సన్నని లోహపు రింగును, ఇరుప్రక్కలనుండి ఒత్తుచుండు వాయువుల పీడనమును తప్ప దానికి వేరు కాపలా లేదు. పైనుండి ఒత్తిడితో వచ్చిన చమురు పని ముగించుకొని, నురుగుతో కూడి, క్రింది గొట్టము గుండ తన బరువుచేత తానే జారిపోవలెను. ఆ గొట్టము ఏమాత్రము ఇరుకైనను, అతుకునకు పూసిన సిలికాన్ జిగురు ముద్ద యొకటి లోనికి జారినను, ఇంజను క్రాంకుకేసులోని ఆవిరి వెడలు దారి పూడి అచట ఒత్తిడి హెచ్చినను, పోవుటకు తావులేని చమురు రింగును దాటి చక్రపు గూటిలో పడి పొగయగును. నేరము ఒకరిది, శిక్ష టర్బోది.

ఇదంతయు ఎరిగిన మెకానిక్కు తొందరపడడు. గాలిగొట్టము విప్పి, చల్లారిన చక్రపు మొనను రెండు వ్రేళ్ల నడుమ పట్టి పైకి క్రిందికి కదపి చూచును. చమురుపొరకై విడిచిన సందున్నది గనుక ఆ దిశలో కొంచెము ఆడుట సహజమే. పిదప ముందుకు వెనుకకు లాగును. ఆ దిశలో కదలిక చేతికి స్పష్టముగా తెలిసినను, రెక్కలు గోడను రాచిన గీతలు కనబడినను, అప్పుడు గాని టర్బోకు కాలము మూడెనని చెప్పడు.

1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్, షెవ్రొలే కోర్వేర్ మోన్జా స్పైడర్ అను రెండు కార్లు టర్బోతో అంగడికెక్కెను. జెట్‌ఫైర్‌కు చమురుతోపాటు, నీరును మిథైల్ ఆల్కహాలును కలిపిన మరియొక ద్రవమును వేరు టాంకులో పోయుచుండవలెను. అది నిండుకొనినచో టర్బో బలము తగ్గిపోవును. యజమానులు పోయుట మరచిరి. పూజారికి పెట్టవలసిన నియమమును గృహస్థునకు పెట్టిన ఫలము! డీలర్లు అనేక కార్లనుండి టర్బోను ఊడదీసి మామూలు కార్బ్యురేటరు బిగించిరి. 1963తో ఆ కారు కథ ముగిసెను.

యూరోపులో బి.ఎం.డబ్ల్యు. 2002 టర్బో 1973లో, సరిగా పెట్రోలు కరవు నాడే వచ్చి, రెండువేలైనను తయారుగాక ఆగిపోయెను. చమురు సంగతిలో అసలు పాఠశాల పోర్షె 911 టర్బో. 1974లో పారిస్ ప్రదర్శనయందు వెలువడి, 930 అను సంఖ్యతో ప్రసిద్ధికెక్కిన యా కారు 3 లీటర్ల ఇంజనుతో 260 అశ్వబలము నిచ్చెడిది. దానికి నీటి రేడియేటరు లేదు. గాలియు చమురును కలిసియే దానిని చల్లార్పవలెను. ఆ చమురైనను ఇంజను అడుగున నిలువక, కుడి వెనుకచక్రము చెంత దాచిన టాంకులో నుండెడిది. చల్లని ఇంజనుతో డిప్‌స్టిక్కు తీసి చూచినవానికి, రాత్రి చమురు కొంత ఇంజనులోనికి దిగియుండుటచేత, టాంకు వట్టిపోయినట్లు తోచును. అతడు కంగారుపడి లీటరో, లీటరున్నరయో పోయును; ఇంజను వేడెక్కిన పిదప మిగులు చమురు శ్వాసగొట్టము గుండ గాలి వడపోతలోనికి చేరి, అటనుండి ఇంజనులోనికి పోయి కాలును. సమతలమున కారు నిలిపి, ఇంజను బాగుగ వేడెక్కి మెల్లగా నడచుచుండగానే మట్టము చూడవలెనన్న నియమము, ఇతర కార్లకు అలవాటుపడిన వారికి తలక్రిందుల యాచారముగా నుండెను.

అదిగాక ఆ కారులో టర్బో ఇంజనుకు దిగువగా, సైలెన్సరు ప్రక్కన ఉండుటచే, చమురు జారిపోవుటకు అంతకన్న పల్లము లేకపోయెను. దానిని చిన్న తొట్టిలో పట్టి, ఎడమ క్యాంషాఫ్టు కొనకు తగిలించిన పంపుతో పైకి తోడవలసి వచ్చెను. కారు రాత్రియంతయు నిలిచియుండగా చమురు టర్బోలోనికి ఊరకుండ ఒక చిన్న కవాటము కాపుండెను. ఆ కవాటములో ఇసుమంత మురికి చిక్కినను చాలును, తెల్లవారి షెడ్డునిండ నీలిపొగ!

అన్నిటికన్న మొండివ్యాధి ఇంజను ఆపిన పిదప పుట్టెడిది. పరుగులో నున్నప్పుడు చమురు ఇరుసును తడుపుటయే గాక వేడినికూడ మోసికొనిపోవును. ఇంజను ఆగినంతనే ఆ ప్రవాహము నిలుచును గాని, చక్రపు గూటిలోని వేడి నిలువక లోనికి ప్రాకి, బేరింగు చెంత చిక్కుకొనిన నాలుగు చుక్కల చమురును కాల్చి బొగ్గు చేయును. నేడొక పొర, రేపొక పొర. మూకుడు అడుగున మాడిన నూనెవలె గట్టిపడి, తుదకు చమురు వచ్చు రంధ్రమునే పూడ్చివేయును. కావుననే ఇంజనును ఆపుటకు ముందు ఒకటి రెండు నిమిషములు మెల్లగా నడువనిండని యజమానులకు చెప్పుట పరిపాటి యయ్యెను. మన లారీ డ్రైవర్లు ఘాటెక్కి వచ్చి, హోటలు ముందు బండి నిలిపి, ఇంజను ఆపకయే దిగి మొగము కడుగుకొనుట నేనెరుగుదును. అడిగినచో టర్బో చల్లబడవలెనందురు. స్పోర్ట్సు కారు కొన్న ధనికునకు ఆ యోపిక యేది?

1978లో వచ్చిన పోర్షె 924 టర్బోలోనైతే టర్బోకు చమురు తప్ప వేరు చల్లార్పు లేదు. 1985లో 944 టర్బో వచ్చునప్పటికి ఇంజనీర్లు యజమానిని మార్చు నాశ వదలుకొని యంత్రమునే మార్చిరి: టర్బో నడుమ నీటికి దారి చేసి, ఇంజను ఆగిన పిదపకూడ విద్యుత్తుతో నడచు చిన్న పంపు నొకదానిని పెట్టిరి. 1970ల నడుమనుండి అంగళ్లకు వచ్చిన సింథటిక్ ఆయిళ్లు అంతకుముందువానికన్న వేడికెక్కువ ఓర్చుటయు కలిసివచ్చెను. జపానులో ప్రబలిన టర్బో టైమరు మరియొక యుపాయము. తాళము తీసికొని మనిషి వెడలిపోయినను ఇంజను తనంతతాను కొంతసేపు నడచి ఆగును. మనిషి లేని కారులో ఇంజను నడచుట నాకేమో మర్యాదగా తోచదు, పంపే మేలు.

944 టర్బోను షెడ్డులో నిలిపి, తాళము జేబులో వేసికొని, దీపమార్పిన పిదప, చీకటిలో బానెట్టు క్రిందినుండి సన్నని రొద వినవచ్చుచుండును. క్రొత్తగా కొన్నవాడు దానినే ఒక దోషమనుకొని, తెల్లవారగనే మెకానిక్కు ఇంటికి పరుగెత్తినను ఆశ్చర్యము లేదు.