ఆకు పేరు నుంచి మార్కు పేరుకు: బెంగళూరు దండులో చుట్ట, సిగార్ల గతం

అంతకుముందెన్నడూ పేరు వినని మార్కు సిగార్‌ను, ధర తగ్గించి ఇస్తున్నారన్న కారణంతో కొని చూడటం నేటి బెంగళూరులో కొద్దిమందికే పరిమితమైన అలవాటుగా కనిపించినా, ఆ కొనుగోలులో దాగి ఉన్న ప్రశ్న దక్షిణాది పొగాకు వర్తకమంత పాతది. కొనేవాడు ఆకును నమ్మాలా, అమ్మేవాడి మాటను నమ్మాలా, పెట్టె మీద అచ్చయిన పేరును నమ్మాలా అన్నదే ఆ ప్రశ్న. బెంగళూరు దండు, అంటే 1809లో బ్రిటిషు సైన్యం కోసం ఏర్పడిన కంటోన్మెంటు, ఈ మూడు నమ్మకాలనూ ఒకదాని తర్వాత ఒకటిగా చూసిన చోటు. ఈ మార్పులో తెలుగు జిల్లాల ఆకుకు పెద్ద పాత్రే ఉన్నా, ఆ పాత్రకు దక్కవలసిన గుర్తింపు మాత్రం దక్కలేదు.

పోర్చుగీసు వర్తకుల వెంట దక్కనుకు చేరిన పొగాకును 17వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో అసద్ బేగ్ అనే మొఘలు ఉద్యోగి బీజాపూరు నుంచి తీసుకువెళ్లి అక్బరు కొలువులో చూపించాడు. 1617లో జహంగీరు దాన్ని నిషేధించాడు గానీ ఆ ఆజ్ఞ అలవాటును ఆపలేకపోయింది. ఉత్తరాదిన హుక్కా స్థిరపడగా, తెలుగు, తమిళ ప్రాంతాల్లో ఆకునే చుట్టి కాల్చే పద్ధతి నిలిచింది. ఎండిన ఆకు నడుమ ఉండే ఈనెను తీసివేసి, పొడవాటి ముక్కలను లోపల పేర్చి, వాటిని పట్టి ఉంచడానికి ఒక ఆకు, అన్నిటికీ పైన నునుపైన మరొక ఆకు చుడితే అది చుట్ట అవుతుంది. చుట్టకు రెండు కొనలూ తెరిచే ఉంటాయి. సిగార్‌కు నోట పెట్టుకునే కొనను మూసివేస్తారు కనుక కాల్చేముందు దాన్ని కత్తిరించవలసి వస్తుంది. పనితనంలో ఈ రెండింటికీ ఉన్న దూరం ఇంతే కాగా, అంగడిలో వాటి ధరల మధ్య ఏర్పడిన దూరం చాలా పెద్దది. 19వ శతాబ్దం చివరికి చుట్ట ఆంధ్రదేశపు రోజువారీ జీవితంలో ఎంతగా కలిసిపోయిందో గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’లో గిరీశం పాత్ర ద్వారా తెలుగువారందరికీ తెలిసిందే.

ఆ చుట్టలకు వాడిన ఆకుల్లో పేరెన్నికగన్నది గోదావరి లంకల్లో పండిన ఆకు. నది పాయల నడుమ ఇసుక, ఒండ్రు మేటలు వేసి ఏర్పడిన దీవులే లంకలు. వరద తీసిన తర్వాత మిగిలే కొత్త ఒండ్రు మీద, పెద్దగా ఎరువు అవసరం లేకుండానే, మందమైన బలమైన ఆకు వచ్చేది. ఆ ఆకును నిప్పు వేడి తగలనివ్వకుండా గాలికి ఆరనిచ్చి, తర్వాత కుప్పలుగా పేర్చి మాగబెట్టేవారు. కుప్ప లోపల వేడి పుట్టినప్పుడు దాన్ని విప్పి పైది కిందికి, కిందిది పైకి మార్చి మళ్లీ పేర్చడం ఇందులో ముఖ్యమైన పని. ఏ రోజున విప్పాలో చేయి లోపల పెట్టి వేడి చూసి చెప్పగలిగిన రైతుకే మంచి ధర పలికేది. మాగే కాలంలో ఆకులోని చక్కెరలు దాదాపు హరించుకుపోతాయి, ఘాటు కొంత అణుగుతుంది, రంగు ముదురుతుంది. ఇలా తయారైన ఆకు పొగకు క్షారగుణం ఉంటుంది కనుక నికోటిన్ నోటి పొరల ద్వారానే ఒంటికి ఎక్కుతుంది. చుట్ట, సిగార్ కాల్చేవారు పొగను ఊపిరితిత్తుల దాకా లాగవలసిన అవసరం లేకపోవడానికి కారణం ఇదే. సిగరెట్టులోని ఆకు ఇందుకు భిన్నమైనది, దాని పొగకు ఆమ్లగుణం ఎక్కువ, అందుకే దాన్ని లోపలికి పీల్చకపోతే తృప్తి కలగదు. ఈ ఒక్క రసాయనిక భేదం తర్వాతి కాలంలో రెండు వర్తకాల తలరాతను నిర్ణయించింది.

కోస్తా ఆకు కాకినాడ రేవు మీదుగా బర్మాకు వెళ్లి అక్కడి చుట్టల్లో చేరేది. తమిళ దేశంలో తిరుచిరాపల్లి శివారు ఉరైయూరు చుట్టలు, దిండిగల్లు సిగార్లు పేరు తెచ్చుకున్నాయి. ఈ పేర్లు ఎంత దూరం ప్రయాణించాయంటే, ఆర్థర్ కోనన్ డాయిల్ 1890లో వెలువరించిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో అపరాధ పరిశోధకుడు షెర్లాక్ హోమ్స్ తాను బూడిదను చూసి పొగాకు రకాన్ని చెప్పగలనని అంటూ తిరుచిరాపల్లి చుట్టతో పాటు భారతదేశపు లంక చుట్టను కూడా ప్రస్తావిస్తాడు. లండన్ పాఠకుడికి పరిచయమైనవి ఆ చుట్టలు పుట్టిన నేలల పేర్లే గానీ ఏ కంపెనీ పేరూ కాదన్న విషయం ఇక్కడ గమనించదగినది. ఒక గోదావరి దీవి మట్టి తన బూడిదతో గుర్తించబడేంత విశిష్టమైనదని పరాయి రచయిత ఒప్పుకోవడం మన రైతుల నైపుణ్యానికి దక్కిన గౌరవమే, అయితే ఆ రైతుల్లో ఒక్కరి పేరూ ఆ కీర్తి వెంట వెళ్లలేదు.

బెంగళూరు దండులో ఈ సరుకుకు స్థిరమైన గిరాకీ ఉండేది. సైనికాధికారులకు, దొరల ఇళ్లకు కావలసినవి సమకూర్చడానికి మద్రాసు రాజధాని జిల్లాల నుంచి తమిళులు, తెలుగువారు, ముస్లిములు అక్కడికి వలస వచ్చి బజార్లు ఏర్పరిచారు. 1863లో మద్రాసులో మొదలైన స్పెన్సర్ సంస్థ దిండిగల్లులో సొంతంగా సిగార్లు చుట్టించి దక్షిణాది పట్టణాల్లోని తన దుకాణాల్లో అమ్మింది. బెంగళూరులోని వెస్ట్ ఎండ్ హోటలు కూడా చాలాకాలం ఆ సంస్థ చేతుల్లోనే ఉండేది. 1868లో ఏర్పడిన బెంగళూరు క్లబ్బులో సభ్యులు చీటీ మీద సంతకం చేసి సరుకు తీసుకుని తర్వాత బాకీ తీర్చేవారు. 1896లో యువ సైనికాధికారిగా ఈ నగరానికి వచ్చి, తర్వాత సిగార్‌తోనే లోకానికి గుర్తుండిపోయిన విన్‌స్టన్ చర్చిల్ చెల్లించని 13 రూపాయలు రానిబాకీల కింద ఆ క్లబ్బు పద్దు పుస్తకంలో ఇప్పటికీ కనిపిస్తాయి.

ఒకే దండులో రెండు రకాల కొనుగోళ్లు పక్కపక్కనే సాగాయి. బజారులో చుట్ట కొనేవాడు దాన్ని వేళ్ల మధ్య నొక్కి, వాసన చూసి, పైఆకులో పగుళ్లు, పురుగు రంధ్రాలు ఉన్నాయేమో చూసి తీసుకునేవాడు. దొరల దుకాణంలో పెట్టె మూసి ఉండేది కనుక కొనేవాడి నమ్మకం అంతా దాని మీది పేరు పైనే ఆధారపడేది. పేరుకు ఇంత విలువ రాగానే దొంగ పేర్లు కూడా పుట్టుకొచ్చాయి. 1889లో వచ్చిన వర్తక చిహ్నాల చట్టం తప్పుడు గుర్తులతో సరుకు అమ్మడాన్ని నేరంగా పరిగణించింది; గుర్తులను నమోదు చేసుకునే సదుపాయం మాత్రం 1940 నాటి ట్రేడ్‌మార్క్ చట్టంతో గానీ దేశంలో ఏర్పడలేదు. చదువు రానివారు ఎక్కువగా ఉన్న సమాజంలో అక్షరాలకంటే బొమ్మకే బలం ఉండేది కాబట్టి, విల్స్ కంపెనీ సిగరెట్టు మన ఊళ్లలో కత్తెర మార్కుగానే చలామణీ అయింది.

అసలు మలుపు 20వ శతాబ్దం రెండో దశకంలో వచ్చింది. నేడు ఐటీసీగా పిలిచే ఇంపీరియల్ టొబాకో కంపెనీ 1910 ఆగస్టు 24న కలకత్తాలో నమోదై, 1912లో గుంటూరు జిల్లాలో ఆకు సేకరణకు ఐఎల్‌టీడీ అనే అనుబంధ కంపెనీని ఏర్పరచి, 1913లో తన తొలి సిగరెట్ల ఫ్యాక్టరీని బెంగళూరులో నెలకొల్పింది. 1898 ప్లేగు తర్వాత కొత్త పేటలతో విస్తరిస్తున్న దండు తూర్పు భాగంలో, కాక్స్ టౌన్ పక్కన ఆ ఫ్యాక్టరీ పొగగొట్టం లేచింది. అమెరికాలో జేమ్స్ బాన్సాక్ 1880లో రూపొందించిన యంత్రం రోజుకు లక్షకు పైగా సిగరెట్లు చుట్టగలదని రుజువైన తర్వాత, చేత్తో చుట్టే పని వేగంలో ఎన్నటికీ దానితో పోటీపడలేకపోయింది. అంతకంటే ముఖ్యమైనది ఏకరూపత: యంత్రం చుట్టిన పదివేలలో ఏ రెండింటికీ రుచిలో తేడా ఉండదు. కంపెనీ అమ్మింది ఆ హామీనే.

ఆ హామీ నిలవాలంటే ఆకు కూడా ఒకే తీరున ఉండాలి. 1920 ప్రాంతంలో గుంటూరు నల్లరేగడిలో వర్జీనియా పొగాకు సాగు నిలదొక్కుకోవడంతో తెలుగు పల్లెల్లో బ్యారన్లు వెలిశాయి. గొట్టాల ద్వారా వేడిని పంపి, పచ్చాకును వారం లోపే పసుపు రంగుకు తెచ్చే ఎత్తైన ఇళ్లే బ్యారన్లు. ఇలా వేగంగా ఆరబెట్టిన ఆకులో చక్కెరలు నిలిచిపోతాయి, లంకల్లో నెలల తరబడి మాగబెట్టిన ఆకులో అవి పోతాయి. ఒకే జాతి మొక్క ఇలా రెండు వేరు సరుకులుగా విడిపోయింది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ, 1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడ్డాయి; బోర్డు వేలాలు 1984లో కర్ణాటకలో, ఆ మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో మొదలయ్యాయి. వీటన్నిటిలోనూ పెద్దపీట వర్జీనియాదే, చుట్టాకు వెనుకవరుసకు జరిగింది.

నేటి బెంగళూరు దుకాణంలో తెలియని మార్కు సిగార్ తక్కువ ధరకు రావడానికి కారణాలు ఈ చరిత్ర వెలుగులోనే బోధపడతాయి. పైఆకు రంగు సమంగా లేదని పక్కన పెట్టిన సరుకును చాలా ఫ్యాక్టరీలు తమ అసలు పేరు లేకుండా, పెట్టెల్లో కాక కట్టలుగా అమ్ముతాయి. దాని లోపలి ఆకు తరచుగా మంచిదే. నిల్వలో ఎండిపోయిన పాత సరుకు సంగతి వేరు. సిగార్ చెడకుండా ఉండటానికి గాలిలో తేమ 65 నుంచి 70 శాతం ఉండాలి, సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ నగరంలో మార్చి మధ్యాహ్నాల గాలి అందుకు ఎంతో పొడిది. ఎండిన సిగార్ పైఆకు పగిలి, త్వరగా కాలి, చేదెక్కుతుంది. మూడో కారణం నకిలీ, ముఖ్యంగా క్యూబా పేర్లతో వచ్చేది. 2003 నాటి చట్టం పొగాకు ప్రకటనలను నిషేధించింది కనుక కొత్త మార్కు తన గురించి తాను చెప్పుకునే వీలు లేదు, ఫలితంగా కొనేవాడు మళ్లీ పాత బజారు పద్ధతికే, అంటే అమ్మేవాడి మాటకు, తన వేళ్లకు, ముక్కుకు తిరిగి వచ్చాడు.

ఆకు మంచిదైనంత మాత్రాన హాని తగ్గదు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీర గ్రామాల్లో నిప్పు కొనను నోట్లో ఉంచుకుని కాల్చే అడ్డచుట్ట అలవాటు, ముఖ్యంగా స్త్రీలలో, అంగిలి క్యాన్సర్‌కు దారితీసిందని వైద్యులు దశాబ్దాల కిందటే నిరూపించారు. 2024లో కర్ణాటక శాసనసభ పొగాకు కొనే కనీస వయసును 21 ఏళ్లకు పెంచుతూ, హుక్కా బార్లను నిషేధిస్తూ చట్ట సవరణను ఆమోదించడం ఈ ఎరుకకు కొనసాగింపే. ఈ వర్తకం తగ్గిపోవడం మంచిదే. అయితే అలవాటు పోవడం వేరు, దాన్ని పోషించిన పనివారి చరిత్ర పోవడం వేరు.

కాక్స్ టౌన్ పక్కనున్న ఫ్యాక్టరీ నగరం వెలుపలి మీనుకుంటెకు తరలిపోయి, పాత స్థలంలో సాఫ్ట్‌వేర్ కార్యాలయాలు వచ్చాయి. లంకల్లో ఆకు మాగబెట్టడం తెలిసిన పెద్దలు, ఆ ఫ్యాక్టరీలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న కార్మికులు, పాత చుట్ట పెట్టెల కాగితాలు, ధరల పట్టికలు దాచుకున్న కుటుంబాలు ఇప్పటికీ ఉన్నారు. బెంగళూరులోని తెలుగు సంఘాలు, ఉభయ గోదావరి జిల్లాల కళాశాలల చరిత్ర శాఖలు వారి మాటలను, ఆ కాగితాలను వెంటనే సేకరించి భద్రపరచాలి.