పార్లమెంటు వాకిట మాంచెస్టరు నగరము



ఊరికి వంతెన కావలసివచ్చినను, చెఱువుకట్టకు మరమ్మతు కావలసివచ్చినను పెద్దలైన మీరు మహజరు వ్రాయించి, పదిమందిచేత చేవ్రాళ్ళు చేయించి, కచేరీకి పోవుదురు. శాసనసభ కూడినదని తెలిసినచో మీ ప్రతినిధి యింటి యరుగుమీద కూర్చుందురు. మహానగరములును ఈ పనినే చేయును. అయితే నగరము చేయునప్పుడు హంగు వేఱు, ఖర్చు వేఱు. ఒక్కొక్కప్పుడు దాని ఫలము వేలమైళ్ళ దూరమున నున్నవారి పొలములలో కనబడును. నేను నేడు చెప్పబూనినది ఇంగ్లండు దేశమందలి మాంచెస్టరు నగరపు వృత్తాంతము. పరాయి నగరపు అర్జీలతో మనకేమి పని యని మీరు శంకింపవచ్చును. ఆ నగరము లండనులోని పార్లమెంటును కోరిన కోరికలలో మన గోదావరి యున్నది, తుంగభద్ర యున్నది, మన దేశపు నేతయు నున్నది. కావున కొంచె మోపికతో నాలకింపుడు.

పదునెనిమిదవ శతాబ్దము చివర ఆవిరియంత్రములు వచ్చుటతో మాంచెస్టరు నూలుమిల్లులకు పెట్టినది పేరయ్యెను. జనము లక్షలకెక్కినను, 1832వ సంవత్సరము వఱకు ఆ పట్టణమునకు పార్లమెంటులో తనదను ప్రతినిధి యొక్కడును లేడు. అదే కాలమున ఓల్డు సేరమను పాడుపడిన దిబ్బ, నివసించువారు లేకున్నను, ఇద్దఱు సభ్యులను పంపుచుండెను! 1832 నాటి సంస్కరణ చట్టముతో మాంచెస్టరుకు రెండు స్థానములు లభించెను. స్థానములు దొరకకముందే అచ్చటి వర్తకులు 1820లో వాణిజ్యసంఘమును నెలకొల్పుకొని యుండిరి. సభ్యుడు సభలో మాటలాడును. ఆ మాటలకు వలయు లెక్కలు, సాక్షులు, మహజరులు సంఘము సిద్ధపఱచును. పార్లమెంటు భవనములో సభ్యులను జనులు కలిసికొను నడవను లాబీ యందురు. అచ్చట నిలిచి తమ పని చెప్పుకొనుటకే లాబీయింగను పేరు వచ్చినది. మన భాషలో దీనిని రాయబారమన్నను తప్పులేదు.

ఈ విద్యను మాంచెస్టరు మొదట ధాన్యపు చట్టములమీద సాధకము చేసినది. విదేశపు గోధుమలు చౌకగా రాకుండ 1815లో భూస్వాములు చట్టము చేసికొనిరి. రొట్టె ప్రియమయ్యెను, కూలి పెంపవలసివచ్చునని మిల్లుదారులకు దిగులు పట్టెను. 1838లో మాంచెస్టరులో ఆరంభమైన ఉద్యమము రిచర్డు కాబ్డెను, జాను బ్రైటుల నాయకత్వమున దేశమంతట ప్రాకెను. 1846లో ఆ చట్టములు రద్దయ్యెను. పేదవానికి చౌకయైన రొట్టె, మిల్లుదారునికి చౌకయైన కూలి, రెండును ఒకే మొఱలో నిమిడిపోయినవి. లాభమును న్యాయమును ఒకే కాగితము మీద వ్రాయగలిగిననాడు అర్జీకి బలమెక్కువ. మాంచెస్టరువారు దీనిని బాగుగా గ్రహించిరి.

ఆ తరువాత వారి చూపు మన దేశము మీద పడినది. మిల్లులకు వలయు ప్రత్తిలో మిక్కిలి పెద్దభాగము అమెరికానుండి వచ్చుచుండెను. అది బానిసలచేత పండించిన ప్రత్తి. అచ్చట కలత పుట్టినచో తమ మిల్లులు మూతపడునని వర్తకుల భయము. 1848లో బ్రైటు పట్టుబట్టి, హిందూదేశములో ప్రత్తిసాగును గూర్చి విచారించుటకు పార్లమెంటులో ఒక సంఘమును వేయించెను. 1857లో మాంచెస్టరులో ప్రత్తి సరఫరా సంఘము ఏర్పడినది. దాని కోరికల పట్టిక చూచినచో మన జిల్లాబోర్డుల తీర్మానములు జ్ఞప్తికి వచ్చును: రోడ్లు కావలెను, కాలువలు కావలెను, ఓడలు నిలుచు రేవులు కావలెను, మంచి విత్తనములు కావలెను, కరారు తప్పినవారిని శిక్షించు చట్టము కావలెను. అన్నియు మన దేశములోనే. ఖర్చును మన ఖజానానుండియే!

మన గోదావరి మండలములలో కాటను దొర పేరు తెలియని పెద్దలుండరు. ధవళేశ్వరపు ఆనకట్ట 1847లో ఆరంభమై 1852లో ముగిసినది. సర్ ఆర్థరు కాటనుకు రైళ్ళకంటె కాలువలయందు గురి హెచ్చు. బేరారు, వార్ధా ప్రాంతముల ప్రత్తిని పడవల కెక్కించి గోదావరి వెంట దింపి, డెల్టా కాలువల మీదుగా కాకినాడ రేవునకు చేర్చవలెనని ఆయన సంకల్పము. మాంచెస్టరు వర్తకులకు ఈ మాట చెవికింపైనది. గోదావరిని నౌకాయానమునకు బాగుచేయుడని వారు ఇండియా మంత్రికి మహజరుల మీద మహజరులు పంపిరి; పార్లమెంటులోని తమ సభ్యులచేత ప్రశ్నలు వేయించిరి. నదిలో మూడు చోట్ల బండలడ్డములు కలవు. మొదటిది దుమ్మగూడెము వద్ద, రెండవది ఇచ్చంపల్లి వద్ద, మూడవది ఇంకను ఎగువన. కాప్టెను హెయిగు అను నింజనీరు ఆధ్వర్యమున అచ్చట ఆనకట్టలు, లాకులు, ప్రక్కకాలువలు కట్టు పని సాగినది. మన్యపు జ్వరములు కూలీలను పట్టి పీడించెను. వర్షకాలము దాటిన పిమ్మట నదిలో పడవకు చాలిన నీరుండదు.

ఇంతలో 1861లో అమెరికాలో అంతర్యుద్ధము వచ్చినది. వర్తకులు భయపడినంతయు జరిగెను. మాంచెస్టరు చుట్టుప్రక్కల మిల్లులు మూతపడి, 1862 చివరకు సుమారు 5 లక్షల మంది ధర్మసహాయము మీద బ్రదుకవలసివచ్చెను. మన నల్లరేగడి రైతులకు ఆ నాలుగేండ్లు ప్రత్తి బంగారమయ్యెను. ఇండియా మంత్రియైన సర్ చార్లెసు వుడ్డు, మంచి ధర యిచ్చినచో రైతు తానే పండించుననియు, వర్తకుల పనియంతయు దొరతనము చేయజాలదనియు వాదించెడివాడు. ఈ విషయములో నాకు వుడ్డు మాటయే సబబుగా తోచుచున్నది. కొనువాడు ఒక యేడు వచ్చి, మఱుయేడు అమెరికా సరకు చౌకయని మొగము చాటువేసినచో, రైతు ఏ ధైర్యముతో విత్తును? 1865లో యుద్ధము ముగియగానే జరిగినది సరిగా అదియే. ధరలు పడిపోయెను. 1867లో రైలు బొంబాయినుండి నాగపురము చేరెను. 1869లో సూయెజు కాలువ తెఱచిరి. బేరారు ప్రత్తి పడమటి త్రోవ పట్టినది. గోదావరి పని 1871లో ఆగిపోయినది. 1872లో మాంచెస్టరులోని ప్రత్తి సరఫరా సంఘమును మూతపడెను. లక్షలకొలది పౌనులు నదిలో పోయినవి. ఆ పౌనులు మాంచెస్టరువి కావు.

తుంగభద్రమీద కట్టిన కర్నూలు కడప కాలువ కథయు ఇట్టిదే. 1858లో లండనులో ఏర్పడిన మద్రాసు ఇరిగేషను కంపెనీకి పది లక్షల పౌనుల మూలధనము మీద నూటికి అయిదు వంతున వడ్డీ వచ్చునట్లు దొరతనము పూచీపడినది. లాభము వచ్చిన వాటాదారులది, నష్టము వచ్చిన పన్ను కట్టువారిది. సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి, సుమారు 190 మైళ్ళు కాలువ త్రవ్విరి. నల్లరేగడిలో నీరు పెట్టిన పైరు చెడునని రైతులు మొదట దాని దగ్గఱకు పోలేదు. కంపెనీ తేలజాలక, 1882లో దొరతనమువారే దానిని కొనవలసివచ్చెను.

ఇక పన్నుల ముచ్చట. నా యెఱుకలో మాంచెస్టరు కోరికలన్నిటిలో మనకు ఎక్కువ కష్టము తెచ్చినది ఇదియే. 1857 తిరుగుబాటు వలన ఖజానా వట్టిపోగా, 1859లో మన దేశమునకు దిగుమతియగు బట్టలమీద సుంకమును నూటికి 5 నుండి 10కి పెంచిరి. మాంచెస్టరు గగ్గోలు పెట్టెను. 1862లో మరల 5కు దింపిరి. కొన్నాళ్ళకు బొంబాయిలో దేశీయ మిల్లులు లేచుటతో, ఆ అయిదును ఉండరాదని 1874లో మాంచెస్టరు వాణిజ్యసంఘము మహజరు పెట్టినది. సుంకము దేశీయ మిల్లులకు అండగా నున్నదని వారి యాక్షేపణ. వైస్రాయి నార్తుబ్రూకు ప్రభువు లొంగలేదు. ఆయన తరువాత లిట్టను ప్రభువు వచ్చెను.

1877 జూలై నెలలో కామన్సు సభ ఒక తీర్మానము చేసినది. హిందూదేశపు బట్టల సుంకములు మంచి వాణిజ్యనీతికి విరుద్ధములనియు, ఆ దేశపు ఆర్థికస్థితి అనుకూలింపగానే జాగులేక తీసివేయవలెననియు దాని సారాంశము. అదే జూలైలో మన దేశమున ఏమి జరుగుచున్నది? మద్రాసు రాజధానిని 1876లో పట్టిన మహాక్షామము రెండవ యేడు నడుచుచున్నది. నైరృతి వానలు మరల మోసగించినవి. బళ్ళారి, కర్నూలు, కడప మండలములలో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీయయ్యెను. 1871 జనాభా లెక్కకును 1881 లెక్కకును నడుమ కర్నూలు జిల్లాలో ఇంచుమించు నాలుగవ వంతు జనము తగ్గిరి. ఆగస్టు చివర లిట్టను స్వయముగా మద్రాసు వచ్చి చూచెను. మరుసటి యేడు కఱవు నిధి పేరిట చిన్న వర్తకులమీద లైసెన్సు పన్ను వేసిరి. 1879లో అదే లిట్టను, తన కౌన్సిలులో అధికసంఖ్యాకులు వలదన్నను, తన ప్రత్యేకాధికారముచేత ముతకబట్టల సుంకము తీసివేసెను. 1882లో మిగిలిన సుంకములును పోయెను. కామన్సు సభకు మాంచెస్టరు మువ్వురు సభ్యులను పంపుచుండెను. కర్నూలునకు ఆ సభలో ఒక్క గొంతును లేదు. ఆ జూలై తీర్మానమును నేను తలచుకొన్నప్పుడెల్ల ఈ లెక్కయే ముందు కన్నులకు కట్టును.

నిష్పక్షపాతముగా చెప్పవలెనన్నచో, ఆ నగరము తన సొంత కష్టమును తన సొంత డబ్బుతో తీర్చుకొనిన సందర్భమును ఒకటి కలదు. మాంచెస్టరు సముద్రమునకు దూరము. సరకంతయు లివర్పూలు రేవున దిగి, రైలెక్కి రావలెను. రేవు సుంకములు, రైలు కిరాయిలు మోయలేనివైనవి. 1882 జూను 27వ తేదీన డేనియలు ఆడంసను అను యంత్రనిర్మాత తన యింట చుట్టుప్రక్కల పట్టణముల ప్రముఖులను సమావేశపఱచెను. సముద్రపు ఓడలు తిన్నగా మాంచెస్టరుకే వచ్చునట్లు కాలువ త్రవ్వవలెనని నిశ్చయించిరి.

అట్టి పనికి పార్లమెంటులో ప్రత్యేకపు బిల్లు పెట్టవలెను. దాని విధానము కోర్టు వ్యాజ్యమువంటిది. ముందుగా పటములు దాఖలు చేయవలెను. ఎవరి భూమి పోవునో వారికి నోటీసులీయవలెను. పిమ్మట సభాసంఘము ఎదుట ఇరుపక్షముల బారిష్టర్లు సాక్షులను విచారింతురు. లివర్పూలు రేవువారును, రైలు కంపెనీలును లావుగా ప్రతిఘటించిరి. ఏటిలోని యిసుక కదలి తమ రేవు పూడునని లివర్పూలువారి వాదము. 1883లో కామన్సు సభ ఒప్పుకొన్నను ప్రభువుల సభ త్రోసివేసెను. 1884లో ప్రభువులు ఒప్పుకొనిరి. కామన్సు సంఘము త్రోసివేసెను! మూడవసారి, 1885 ఆగస్టు 6వ తేదీన బిల్లు చట్టమయ్యెను. మూడు సమావేశములు, మూడు మాఱులు బారిష్టర్లకు రుసుములు. మన ఊళ్ళలో దాయాదుల వ్యాజ్యము మద్రాసు హైకోర్టు వఱకు పోయిన ఖర్చు ఎఱిగినవారికి ఇది బోధపడును.

1887 నవంబరులో త్రవ్వుట మొదలిడిరి. కాలువ నిడివి 36 మైళ్ళు. నడుమ డబ్బు చాలక పని నిలిచిపోవు స్థితి రాగా, 1891లో మాంచెస్టరు పురపాలక సంఘము 30 లక్షల పౌనులు అప్పిచ్చెను. పిదప మఱి 20 లక్షలు. అందుకు ప్రతిగా డైరెక్టర్లలో అధికసంఖ్య తనదే యగునట్లు షరతు పెట్టినది. మొత్తము ఖర్చు సుమారు కోటి యేబది లక్షల పౌనులు. ఆ భారము పట్టణపు ఇంటిపన్ను మీద చాల యేండ్లు పడినను, ప్రజలు సహించిరి. 1894 జనవరి 1వ తేదీన ఓడలు వచ్చెను. మే నెలలో విక్టోరియా రాణి స్వయముగా ప్రారంభోత్సవము చేసెను.

ఆ 1894వ సంవత్సరమే డిసెంబరులో మన దేశమున మఱియొక చట్టము వచ్చినది. ఖజానా కొఱతచే బట్టలమీద దిగుమతి సుంకము మరల వేయక తప్పలేదు. దానికి సమముగా దేశీయ మిల్లుల నూలుమీదను సుంకము వేయవలెనని మాంచెస్టరు పక్షమువారు పట్టుబట్టి సాధించిరి. 1896లో దానిని మార్చి, దిగుమతి బట్టకు నూటికి మూడున్నర, దేశీయ మిల్లుబట్టకును నూటికి మూడున్నర యని నిర్ణయించిరి. చేమగ్గములకు మాత్రము ఇది తగులలేదు. బొంబాయి మిల్లుదారులు, కాంగ్రెసు మహాసభవారు ముప్పది యేండ్లు మొఱపెట్టగా, 1925 డిసెంబరులో వసూలు నిలిపి, 1926లో దానిని రద్దుచేసిరి. మనవారును అప్పటికి అర్జీల విద్యలో ఆఱితేఱిరి.

మాంచెస్టరు రేవు 1982లో మూతపడినది. దుమ్మగూడెము ఆనకట్ట గోదావరిలో నేటికిని నిలిచియున్నది. ఏ నీటిని మొదట రైతులు ముట్టమన్నారో, ఆ సుంకేసుల కాలువ నీరు నేడు కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల పొలములకు పాఱుచున్నది. ఏటేట నీరు వదలు తేదీని గూర్చి అచ్చటి ఆయకట్టు రైతులు అధికారుల కచేరీలకు మహజరులు పట్టుకొని పోవుచున్నారు.