పొట్ట నుంచి నడుముకి జరిగిన చెయ్యి

చరకసంహిత శారీరస్థానం ఎనిమిదో అధ్యాయంలో కాన్పు ముచ్చట వివరంగా ఉంది. నొప్పులు పడుతున్న ఆవిడ నడుముకీ, పక్కలకీ, వీపుకీ, తొడలకీ గోరువెచ్చని నూనె రాసి, ఆమెకు హాయిగా ఉండేంత మెల్లగా ఒత్తమంటుంది ఆ గ్రంథం. బిడ్డ పుట్టాక పొట్టకు నెయ్యీ నూనే పట్టించి పెద్ద గుడ్డతో చుట్టమంటుంది. చూలాలు ఏ నెలలో ఏం పుచ్చుకోవాలో కూడా అక్కడే ఉంది: మొదటి నెలలో వట్టి పాలు, మూడో నెలలో తేనె, నెయ్యి కలిపిన పాలు, అలా తొమ్మిదో నెల దాకా. ఆ నెలల వరుసలో ఒళ్లు పట్టే మాట మాత్రం దాదాపు లేదు, ఏడో నెలలో దురద పుడితే రొమ్ములకూ పొట్టకూ పూత, నూనె రాయమనడం తప్ప. మన ఇళ్లలోనూ పద్ధతి దాదాపు ఇంతే. నువ్వుల నూనె, నలుగు, కాగుడు వేడినీళ్లు, సాంబ్రాణి పొగ, ఇవన్నీ బాలింతకు. కడుపుతో ఉన్నామెకు మహా అయితే ఓ తలంటు, అరికాళ్లకు కాస్త నూనె.

పాత కాలంలో గర్భిణి ఒంటి మీద మంత్రసాని చెయ్యి పడితే దానికో పని ఉండేది. బిడ్డ తల ఎటుంది, అడ్డం తిరిగిందా, కిందికి దిగిందా అని తెలుసుకోవాలి. తెలిశాక వీలైతే సరిచెయ్యాలి. మెక్సికోలోని యుకటాన్‌లో మాయా మంత్రసానులు చేసే ‘సొబాద’ ఇలాంటిదే. బ్రిగిటె జోర్డన్ అనే మానవశాస్త్రవేత్త అక్కడి కాన్పులు దగ్గరుండి చూసి, 1978లో పుస్తకం రాశారు. మంత్రసాని తల్లి పొట్ట మర్దిస్తూ బిడ్డ ఎలా ఉందో చూస్తుంది, ఎదురుకాళ్లతో ఉంటే పైనుంచే తిప్పుతుంది, ఈలోగా తల్లితో ఊరి కబుర్లన్నీ ఆడేస్తుంది. తల్లికి హాయి దొరుకుతుంది, నిజమే. కానీ అది కొసరు.

చేతి పని ఎంత దూరం తీసుకెళ్లగలదో చూడాలంటే జపాన్ వెళ్లాలి. కగావా గెన్ఎత్సు (1700–1777) పండితుల ఇంటి బిడ్డ కాడు. క్యోటోలో పాత ఇనుము కొని అమ్ముతూ, సూదుల వైద్యమూ, మర్దనాలూ చేస్తూ పొట్ట పోసుకున్నాడు. అలా అలవాటైన చేతులతో కాన్పుల్లోకి వచ్చాడు. గర్భంలో బిడ్డ నిటారుగా కూర్చుని ఉంటుందనీ, కాన్పు ముందు పిల్లిమొగ్గ వేసి తలకిందులవుతుందనీ అప్పటి వైద్యుల నమ్మకం. చాలా ముందునుంచే తల కిందికి ఉంటుందని కగావా ‘సాన్‌రోన్’ గ్రంథంలో రాశాడు. పొట్ట చుట్టూ బిగించే పట్టీ వద్దన్నాడు. కాన్పయిన స్త్రీని వారం రోజులు కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి నిద్రపోనివ్వని ఆచారాన్నయితే తిట్టిపోశాడు. నా మట్టుకు, ఈ ఒక్క తిట్టు చాలు ఆయన్ను గుర్తుంచుకోవడానికి. జపాన్‌లో పొట్ట మర్దనా విడి శాస్త్రంగానే ఎదిగింది. 1827లో వచ్చిన ఓతా షిన్సాయి బొమ్మల పుస్తకం ‘అంపుకు జుకాయ్’లో గర్భిణుల కోసం ప్రత్యేకంగా ఒక భాగం ఉంది.

ఐరోపాలో కథ ఇంకో మలుపు తిరిగింది. 1894లో లండన్ మసాజ్ గదుల్లో చాలా చోట్ల వేరే వ్యాపారం సాగుతోందని బ్రిటిష్ మెడికల్ జర్నల్ బయటపెట్టింది. తమ వృత్తి పరువు కాపాడుకోవడానికి నలుగురు స్త్రీలు శిక్షణ పొందిన మసాజ్‌కారుల సంఘం పెట్టారు. వారిలో రోజలిండ్ పేజెట్ నర్సూ, మంత్రసానీ కూడా. మంత్రసానులకు చట్టబద్ధమైన గుర్తింపు కోసం పోరాడిందీ ఆవిడే. ఆ చట్టం 1902లో వచ్చింది. డాక్టరు చెప్పనిదే మర్దనా చేయరాదనీ, వైద్య పత్రికల్లో తప్ప ప్రకటనలివ్వరాదనీ సంఘం నియమాలు పెట్టుకుంది. నేటి ఫిజియోథెరపీకి అదో పుట్టిల్లు. విచిత్రమేమిటంటే, రెండు విద్యలూ ఒకే మనిషి చేతిలో ఉన్నా దారులు మాత్రం వేరుపడ్డాయి. కాన్పు ఆసుపత్రికి చేరింది. మసాజ్ నేర్పేచోట గర్భం ‘ముట్టుకోకూడని’ వాటి జాబితాలోకి చేరింది.

ఆ జంకు తగ్గడానికి 20వ శతాబ్దం చివరిదాకా ఆగాల్సి వచ్చింది. మయామీ విశ్వవిద్యాలయంలో స్పర్శ మీద పరిశోధనకే ఒక సంస్థ నడిపిన టిఫనీ ఫీల్డ్ బృందం 1999లో ఒక అధ్యయనం ప్రచురించింది. 26 మంది గర్భిణులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు వారానికి రెండుసార్లు, 20 నిమిషాల చొప్పున, ఐదు వారాలు మర్దనా చేశారు. రెండో జట్టు ఒళ్లు వదులు చేసుకునే సాధన చేసింది. మర్దనా జట్టులో దిగులు తగ్గింది, నిద్ర బాగుపడింది, నడుం నొప్పి తగ్గింది. ఇరవై ఆరు మందితో లోకాన్ని ఒప్పించలేం. అయినా ప్రశ్న మారింది: తల్లికి హాయిగా ఉందా అన్నదే ఇక్కడ కొలత. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, నొప్పుల వేళ ఉపశమనం కోరే ఆరోగ్యవంతులైన స్త్రీలకు మర్దనాను ఒక మార్గంగా సిఫారసు చేసింది.

ఇప్పటి పద్ధతిలో నెలలు నిండుతున్నామెను బోర్లా పడుకోబెట్టరు. వెల్లకిలా ఎక్కువసేపు ఉంచరు, పెరిగిన గర్భం పెద్ద సిరను నొక్కుతుంది కనక. పక్కకు ఒత్తిగిల్లి, మోకాళ్ల మధ్య దిండుతో పడుకుంటుంది. గర్భంతో రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది కాబట్టి పిక్కలను గట్టిగా పిసకరు. కాలు ఒక్కటే వాచినా, రక్తపోటు ఎక్కువున్నా ముందు డాక్టరు దగ్గరికే పంపుతారు. పని అంతా నడుము, వీపు, భుజాల మీదే. అడ్డం తిరిగిన బిడ్డను సరిచేసే విద్య ఆసుపత్రికి వెళ్లిపోయింది. అక్కడ నెలలు నిండేవేళ స్కానింగులో చూసుకుని డాక్టరు తిప్పుతారు. మసాజ్ బల్ల దగ్గర పొట్టను, అదీ తల్లి సరేనంటేనే, అరచేత్తో పైపైన నిమిరి వదిలేస్తారు.