సుజనన శాస్త్రం: వైద్యం చేతికి చిక్కిన వంశశుద్ధి వాదం

మేలైన లక్షణాలున్నవాళ్లు ఎక్కువమంది పిల్లల్ని కనాలి, ‘లోపాలున్న’వాళ్లు అసలు కనకూడదు అనే వాదానికి సుజనన శాస్త్రం అని పేరు. దానికి యూజెనిక్స్ అన్న మాటను 1883లో ఫ్రాన్సిస్ గాల్టన్ పుట్టించాడు. చార్లెస్ డార్విన్ బంధువైన ఈ ఆంగ్లేయ శాస్త్రవేత్త, పశువుల్లో మేలుజాతిని పెంచే పద్ధతి మనుషులకూ పనికొస్తుందనుకున్నాడు. ఏది మేలో తేల్చేదెవరు అన్న చిక్కు అక్కడే మొదలైంది.

ఈ వాదాన్ని భుజాన వేసుకున్నది పేరున్న శాస్త్రవేత్తలు, వైద్యులు, న్యాయమూర్తులే. నిర్బంధంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడానికి వీలిచ్చే తొలి చట్టం 1907లో అమెరికాలోని ఇండియానాలో వచ్చింది. తర్వాత 30కి పైగా రాష్ట్రాలు అదే బాట పట్టాయి.

వీటిలో వర్జీనియా చట్టం కథ వేరు. దాన్ని కోర్టులో నెగ్గించుకోవడానికి అధికారులకు ఒక కేసు కావలసి వచ్చింది. లించ్‌బర్గ్‌లోని ప్రభుత్వాశ్రమంలో ఉన్న కారీ బక్ దొరికింది. పెంచినవాళ్ల బంధువు చేసిన అత్యాచారం వల్ల గర్భవతి అయ్యానని ఆమె చెప్పింది; లోకం మాత్రం నడత చెడ్డదని, మందబుద్ధి అని ముద్ర వేసింది. తల్లి ఎమ్మా అప్పటికే అదే ఆశ్రమంలో ఉంది. ఏడాదైనా నిండని కారీ కూతురు వివియన్‌ను చూసి, ఈ పసిదీ మామూలుగా లేదని సాక్ష్యం చెప్పారు. కారీ తరఫున వాదించిన వకీలు అంతకుముందు ఆ ఆశ్రమ పాలకవర్గంలో సభ్యుడే! ఇక న్యాయం ఎలా జరిగి ఉంటుందో ఊహించవచ్చు.

1927 మేలో అమెరికా సుప్రీంకోర్టు 8–1 తేడాతో ఆపరేషన్‌కు అనుమతించింది. తీర్పు రాసిన ఆలివర్ వెండెల్ హోమ్స్ ఆనాటి న్యాయమూర్తుల్లో మేటి అనిపించుకున్నవాడు. మామూలుగా లేదన్న ఆ వివియన్ తర్వాత బడిలో చేరి మంచి మార్కులు తెచ్చుకుంది, ఎనిమిదేళ్లకే జబ్బుచేసి చనిపోయింది. అమెరికాలో ఇలాంటి ఆపరేషన్లకు గురైనవారు 60,000 మందికి పైనే.

1933లో జర్మనీలో నాజీలు చట్టం చేసినప్పుడు అమెరికా నమూనా వాళ్ల ముందు ఉంది. సుమారు 4 లక్షల మందికి బలవంతపు ఆపరేషన్లు జరిగాయి. ఎవరికి చేయాలో తేల్చే ప్రత్యేక కోర్టుల్లో జడ్జి పక్కనే డాక్టర్లూ కూర్చున్నారు. 1939లో మొదలైన టీ4 పథకం కింద రెండేళ్లలోపే 70,000 మంది వికలాంగులను, మానసిక రోగులను చంపేశారు. నూరెంబర్గ్‌లో నాజీ వైద్యులపై జరిగిన విచారణ 1947లో ముగిసింది. మనిషిపై ప్రయోగం చేయాలంటే అతని సమ్మతి తప్పనిసరి అన్న నియమావళి ఆ తీర్పులోనిదే.

నాజీలతో ఈ నిర్బంధ ఆపరేషన్ల పద్ధతి అంతరించలేదు. స్వీడన్‌లో 1970ల దాకా సాగింది. జపాన్ 1948లో చేసిన ఇలాంటి చట్టం 1996 వరకు అమల్లో ఉంది. అది రాజ్యాంగ విరుద్ధమని అక్కడి సుప్రీంకోర్టు తేల్చేసరికి 2024 వచ్చింది.

నేటి ప్రశ్న మరింత జటిలం. ఇప్పుడు బలవంతపెట్టే పోలీసు లేడు. స్కానింగ్ రిపోర్టు చేతిలో పట్టుకున్న దంపతులే నిర్ణయిస్తారు. డెన్మార్క్ 2004లో గర్భిణులందరికీ డౌన్ సిండ్రోమ్ పరీక్ష అందుబాటులోకి తెచ్చాక, ఆ స్థితితో పుట్టే పిల్లల సంఖ్య మరుసటి ఏటికే దాదాపు సగమైంది. ఎవరి ఇంటి కష్టం వారిది కాబట్టి ఆ తల్లిదండ్రులను తప్పుపట్టడం తగదు. అయితే వేల ఇళ్లలో విడివిడిగా తీసుకున్న నిర్ణయాలు ఒకే వైపు మొగ్గితే, ఫలితం మాత్రం ప్రభుత్వం శాసించినట్టే ఉంటుంది. మన దేశమే అందుకు సాక్ష్యం. ఉమ్మనీటి పరీక్ష, స్కానింగ్ ఆడపిండాలను ఏరివేసే సాధనాలయ్యాయి. 1994లో లింగనిర్ధారణను నిషేధించే చట్టం చేసినా, ఆరేళ్లలోపు పిల్లల్లో ప్రతి వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లల సంఖ్య 1991లో 945 ఉండగా 2001కి 927కు పడిపోయింది.

ఏరివేతతో ఆగక జన్యువులనే మార్చే ప్రయత్నమూ జరిగింది. 2018లో చైనా శాస్త్రవేత్త హ జియాన్‌క్వీ పిండాల జన్యువులను మార్చి కవల పిల్లలను పుట్టించానని ప్రకటించాడు. హెచ్ఐవీ సోకకుండా చేశానన్నాడు. ఏడాది తర్వాత అక్కడి కోర్టు అతనికి మూడేళ్ల జైలుశిక్ష వేసింది.

భారత సుప్రీంకోర్టు ముందుకు సుజనన వాదం 2009లో వచ్చింది. చండీగఢ్‌లోని ప్రభుత్వ సంరక్షణలో అత్యాచారానికి గురై గర్భవతి అయిన ఒక యువతికి, మానసిక ఎదుగుదల తక్కువన్న కారణంతో గర్భస్రావం చేయించాలని హైకోర్టు ఆదేశించింది. ఆమె బిడ్డను కంటానంది. సుప్రీంకోర్టు ఆమె మాటే నిలబెట్టి, సుజనన వాదంతో నిర్బంధంగా చేసే ఆపరేషన్లు, గర్భస్రావాలు రాజ్యాంగం ఇచ్చిన సమానత్వ హక్కుకు విరుద్ధమని స్పష్టం చేసింది.