ఇద్దరు మిత్రులు, ఒక మాంత్రికుడు

మన పిల్లల సాహసగాథ అచ్చయింది మద్రాసులో. రాసిన చేతులు మాత్రం గుంటూరు జిల్లావి. 1947 జూలైలో బి.నాగిరెడ్డితో కలిసి పిల్లల పత్రిక ‘చందమామ’ మొదలుపెట్టిన చక్రపాణి, అంటే ఆలూరి వెంకటసుబ్బారావు, తెనాలి ఐతానగరం మనిషి. 1952లో సంపాదకత్వం చేతికి తీసుకున్న కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. అదే ఏడు ఆఫీసులో చేరిన దాసరి సుబ్రహ్మణ్యం గారిదీ ఈ జిల్లానే.

పత్రికలో తొలి సీరియల్ ‘విచిత్ర కవలలు’. అది ముగిశాక, 1954లో సుబ్రహ్మణ్యం గారి ‘తోకచుక్క’ మొదలైంది. అప్పటిదాకా మన సాహసమంటే కాశీమజిలీల బాణీ: రాజకుమారుడు రాజకుమారి కోసం బయల్దేరడం. ‘తోకచుక్క’లో సమరసేనుడు రాజు పంపితే ఓడలెక్కిన సేనాని. తన ప్రాణంతో పాటు వెంట వచ్చిన సైనికుల ప్రాణాలూ అతని మీదే. ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే ఇద్దరు మాంత్రికుల పగ మధ్య ఇరుక్కుంటాడు.

స్నేహం తర్వాతి సీరియళ్లలో గట్టిపడింది. ‘రాకాసిలోయ’లో కేశవుడు, జయమల్లుడు. ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మ, జీవదత్తుడు. నాకు అన్నిటికన్నా ఇష్టం ‘శిథిలాలయం’: సవర గూడెం కుర్రాడు శిఖిముఖి, క్షత్రియ యువకుడు విక్రమకేసరి భుజం భుజం కలిపి నడుస్తారు. ఎవరూ ఎవరికీ నౌకరు కాదు. 1951లో విజయావారి సినిమా ‘పాతాళభైరవి’లో తోటరాముడి పక్కన అంజి ఉన్నాడు, నిజమే. కానీ అంజి నవ్వించడానికి ఉన్నవాడు.

‘మాయాసరోవరం’లో జయశీలుడు, సిద్ధసాధకుడు వెతుకుతూ పోయేది ఎవరో ఎత్తుకుపోయిన రాజుగారి పిల్లల్ని. తమకేమీ కాని పిల్లలు. ఒప్పుకున్న పని గనక వెనక్కి తిరగరు. పిల్లలకు బాధ్యత గురించి ఒక్క ముక్క ఉపదేశం చెప్పకుండా సుబ్రహ్మణ్యం గారు చేసిన పని అది.

లోపాలు లేవా? ఉన్నాయి. నాలుగు సీరియళ్లు వరసగా చదివితే అడవి, గూడెం, రాక్షసుడు, మాంత్రికుడు మళ్లీ మళ్లీ ఎదురవుతారు. ఆడపిల్లలకు దక్కే పని బహు తక్కువ. పదేళ్లవాడికి ఇవేవీ పట్టేవి కావు. ‘జరిగిన కథ’ అని పైన ఉన్న నాలుగు ముక్కలు గబగబా దాటేసి, చిత్రకారుడు చిత్రా వేసిన బొమ్మ దగ్గర ఆగి, ఆఖరి వాక్యంలో ఎవరి పీక మీద కత్తి పడుతోందో చూసుకునేవాడు. మళ్లీ నెల దాకా ఆగాల్సిందే.

సీరియల్ మీద రచయిత పేరు ఉండేది కాదు. చిత్రా 1978లో పోయారు. ‘భల్లూక మాంత్రికుడు’తో ఈ వరస ఆగిపోయింది. సుబ్రహ్మణ్యం గారు మాత్రం 2006 దాకా అదే ఆఫీసులో పనిచేశారు. 2010 జనవరిలో కన్నుమూశారు. ఆ పేజీలు చింపి, కుట్టించి, బైండు చేయించుకున్న చాలామందికి రచయితెవరో తెలిసేసరికి తల నెరిసింది.